చౌక ఎలక్ట్రిక్ గిటార్: అపోహలు – వాస్తవాలు

కోయంబత్తూరులో పీలమేడు, ఆవారంపాళయం వైపు తెలుగు ఇళ్లలో పిల్లలు గిటార్ కావాలని అడగడం ఇప్పుడు మామూలైంది. మదురైలోనూ అంతే. వాళ్లు అడిగేది డొల్ల పెట్టె గిటార్ కాదు, గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటార్. ఫెండర్ టెలీకాస్టర్, స్ట్రాటోకాస్టర్, గిబ్సన్ లెస్ పాల్ వాళ్ల కలల్లోకి వచ్చే పేర్లు. అమెరికా తయారీదైతే ధర లక్షల్లో మాట. అదే ఆకారంలో స్క్వయర్, ఎపిఫోన్ పేర్లతో వచ్చేవి మధ్యతరగతి ఇంటికి అందుబాటులోనే ఉంటాయి. కొందామనుకునేలోపు తలా ఒక మాట అంటారు. ఆ మాటల్లో చాలా వాటికి ఆధారం లేదు.

అపోహ: “అది డూప్లికేట్. కొంటే అసలుదే కొనాలి.”

స్క్వయర్ ఫెండర్ సొంత పేరు. వి.సి. స్క్వయర్ అనే తీగల కంపెనీని ఫెండర్ 1965లో కొన్నది. జపాన్ కంపెనీలు ఫెండర్ నమూనాలను చౌకగా, బాగా తయారుచేసి అమ్ముతుంటే, వాటికి పోటీగా 1982లో జపాన్‌లోనే గిటార్లు చేయించి వాటి మీద ఆ పేరు పెట్టింది. ఎపిఫోన్ కూడా అలాంటిదే. ఒకప్పుడు న్యూయార్క్‌లో గిబ్సన్‌కు గట్టి పోటీ ఇచ్చిన కంపెనీ అది, 1957లో గిబ్సన్ చేతికి వచ్చింది. 1980ల చివర్లో స్క్వయర్ స్ట్రాటోకాస్టర్లు కొన్నాళ్లు మన దేశంలోనే తయారై, విదేశాలకు వెళ్లాయి.

వేరే కంపెనీలు ఆ ఆకారంలో చేసేవన్నీ దొంగసరుకేనా? అదీ కాదు. టెలీకాస్టర్, స్ట్రాటోకాస్టర్ ఒంటి ఆకారాలను తన ట్రేడ్‌మార్కుగా నమోదు చేయమని ఫెండర్ అడిగితే, అవి ఇప్పటికే అందరూ వాడే ఆకారాలని అమెరికా ట్రేడ్‌మార్కు బోర్డు 2009లో కాదన్నది. తల ఆకారం, పేరు మాత్రం ఫెండర్‌వే. ఎవరో చేసి, తల మీద గిబ్సన్ అనో ఫెండర్ అనో రాసి అమ్మితే అదే నకిలీ. దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

అపోహ: “గొప్ప చేతిపనిని ఫ్యాక్టరీ సరుకుగా దిగజార్చారు.”

ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే చరిత్ర దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. లియో ఫెండర్ వడ్రంగి కాదు, సంగీతకారుడూ కాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపినవాడు. ఆయనకు గిటార్ వాయించడమే రాదు. పలకలాంటి చెక్కను కోసి, మెడను విడిగా చేసి నాలుగు స్క్రూలతో బిగించి, మెడ పాడైతే విప్పి కొత్తది పెట్టుకునేలా 1950లో ఒక గిటార్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. మొదటి పేరు బ్రాడ్‌కాస్టర్. ఆ పేరు మీద గ్రెచ్ కంపెనీ అభ్యంతరం చెప్పడంతో 1951లో టెలీకాస్టర్ అయింది. ఎక్కువ సంఖ్యలో, తక్కువ ఖర్చుతో, సులువుగా రిపేరు అయ్యేలా చేయాలన్నదే ఆ డిజైన్ ఆయువుపట్టు. వాయించి బతికేవాళ్ల పనిముట్టుగానే అది పుట్టింది.

కోయంబత్తూరు తెలుగువాళ్లకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి 1937లో దేశీయ ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. ఆ దారిలోనే ఈ ఊరు పంపులకు, మోటార్లకు, గ్రైండర్లకు పేరు తెచ్చుకుంది. ఇక్కడివాళ్లు ధర తక్కువైందని వస్తువును చులకన చేయరు, విప్పి చూసి తీర్పు చెప్తారు. గిటార్‌నూ అలాగే చూడమంటున్నాను.

అపోహ: “చెక్క మంచిది కాకపోతే నాదం రాదు.”

వీణ విషయంలో ఇది నిజమే. పనస చెక్కతో చేసిన కుండ మోగుతుంది, ఆ మోతే మనకు వినపడుతుంది. గట్టి చెక్క ఎలక్ట్రిక్ గిటార్‌లో జరిగేది వేరు. తీగల కింద ఉండే పికప్‌ను విప్పి చూడండి. చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ 0.06 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎనామెల్ పూత రాగి తీగ, దాదాపు ఎనిమిది వేల చుట్లు. మోటారు వైండింగ్ తెలిసినవాళ్లకు వివరించి చెప్పాల్సిన పనే లేదు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో అతిచిన్న వోల్టేజి పుడుతుంది, దాన్ని యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. పికప్ గ్రహించేది తీగ కదలికను, చెక్క మోతను కాదు. కాబట్టి నాదంలో సింహభాగం తీగది, పికప్‌ది, అది ఎక్కడ ఎంత ఎత్తులో ఉందన్నదానిది, యాంప్లిఫయర్, స్పీకర్లది.

లెస్ పాల్ అనే వాద్యకారుడు 1940 ప్రాంతంలో ఎపిఫోన్ ఫ్యాక్టరీలోనే ఒక పైన్ దుంగకు మెడ, పికప్‌లు తగిలించి వాయించాడు. దాని పేరు ‘లాగ్’. ఫెండర్ తొలి నమూనాలూ పైన్ చెక్కవే. ఇవాళ స్క్వయర్ టెలీకాస్టర్ ఒకదాని ఒళ్లు పైన్‌తో చేశారంటే పెదవి విరిచేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

మెట్లుండే పలక కథ ఇంకా దగ్గరిది. దశాబ్దాలుగా ప్రపంచంలోని ఎన్నో గిటార్లకు ఆ పలక మన పడమటి కనుమల రోజ్‌వుడ్‌తో చేశారు. తమిళంలో దాన్నే ఈట్టి అంటారు. ఆ జాతి చెట్లన్నిటినీ 2017 జనవరిలో అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం కిందికి తెచ్చారు. గిటార్లు సరిహద్దు దాటాలంటే కాగితాలు కావాల్సి వచ్చింది. తయారైన వాద్యాలకు 2019 నవంబరులో సడలింపు వచ్చింది గానీ, ఈలోగా చౌక రకాలు ‘ఇండియన్ లారెల్’ అనే చెక్కకు మారాయి. పేరు విని ఏదో నాసిరకం అనుకుంటారు. అది మన నల్లమద్ది! కట్టడాలకు, బండ్లకు తాతలనాటి నుంచి వాడుతున్న గట్టి కలప.

అపోహ: “శ్రుతి నిలవడం లేదు, చౌకది కదా.”

కొత్త గిటార్ పెట్టె విప్పిన వారంలో వినపడే ఫిర్యాదు ఇది. చాలాసార్లు తప్పు గిటార్‌ది కాదు, దాన్ని ఎవరూ సెటప్ చేయకపోవడానిది. కొత్త తీగలు కొన్నాళ్లు సాగుతూనే ఉంటాయి. ఇండోనేషియాలోనో చైనాలోనో తయారై, ఓడలో ప్రయాణించి, మదురై ఎండకు వచ్చిన మెడ కొద్దిగా వంగుతుంది. చెక్క ఎండి కుంచించుకుంటే మెట్ల అంచులు బయటికి పొడుచుకొచ్చి చేతిని గీరుతాయి. పాలక్కాడు కనుమ నుంచి గాలి తోలే ఆషాఢంలో అదే చెక్క మళ్లీ మరోలా ఉంటుంది.

మందు కష్టమైంది కాదు. మెడలోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని ఒకసారికి పావు చుట్టు మించకుండా తిప్పి మెడ వంపు సరిచేయాలి. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే వేళ్లకు హాయి. ఆ తర్వాత బ్రిడ్జి మీది స్క్రూలు తిప్పి, పన్నెండో మెట్టులో నొక్కిన స్వరం ఖాళీ తీగ స్వరానికి సరిగ్గా పై స్థాయి స్వరం అయ్యేలా చూడాలి. లక్షల గిటార్‌కైనా ఈ పని తప్పదు. ‘గుయ్’మనే శబ్దం సంగతీ అంతే. ఒంటి చుట్ట పికప్ ఎంత ఖరీదైనదైనా మెయిన్స్ కరెంటు మోతను పట్టుకుంటుంది. దాన్ని తప్పించడానికే గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ 1955లో జంట చుట్టల హంబకర్ రూపొందించాడు.

అపోహ: “ముందు మామూలు గిటార్ నేర్చుకో. ఎలక్ట్రిక్ షాక్ కొడుతుంది.”

మొదటి మాట పట్టించుకోనక్కర్లేదు. ఎలక్ట్రిక్ గిటార్ తీగలు సన్నవి, కొత్తగా నేర్చుకునే వేళ్లకు నొప్పి తక్కువ. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పక్కవాళ్ల నిద్రా చెడదు. రెండో మాట మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. గిటార్‌లో ప్రమాదకరమైన కరెంటు లేదు. కానీ దాని తీగలు కేబుల్ ద్వారా యాంప్లిఫయర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ లేని సాకెట్లో పెట్టిన యాంప్లిఫయర్‌కో మైకుకో లోపం వస్తే కరెంటుకు దారి వాయించేవాడి ఒళ్లే. స్కాట్లాండ్ గిటారిస్టు లెస్ హార్వీ 1972లో స్వాన్సీ వేదిక మీద ఎర్త్ లేని మైకు తాకి ప్రాణం పోగొట్టుకున్నాడు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసి రెండు పిన్నుల సాకెట్లో దూర్చడం మన ఇళ్లలో ఇంకా చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి.

అపోహ: “దానిమీద మన సంగీతం పలకదు.”

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ వాయించింది గట్టి చెక్క ఎలక్ట్రిక్ మాండలిన్. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకుని, గమకానికి వీలుగా దాన్ని మలుచుకున్నాడు. త్యాగరాజ కృతులు అందులో ఎలా పలికాయో కోయంబత్తూరు, మదురై రసికులకు నేను చెప్పాలా? తీగను పక్కకు లాగి స్వరాన్ని వంచడం గిటార్‌లోనూ కుదురుతుంది. నాదం నిలవడానికి యాంప్లిఫయర్ తోడుంటుంది. కష్టమంతా సాధనలో ఉంది.

చౌక రకాల్లో అసలు లోపాలు లేవని చెప్పను. శ్రుతి బిరడలు వదులుగా ఉండవచ్చు. తీగలు ఆనే నట్‌లో గాడి సరిగా కోయకపోవచ్చు. పికప్ ఎంపిక స్విచ్, వాల్యూమ్ కంట్రోల్ త్వరగా గరగరలాడతాయి. కొన్నిటిలో అల్నికో అయస్కాంతాలకు బదులు సెరామిక్ పట్టీ పెడతారు, ధ్వని కొంచెం పదునుగా ఉంటుంది. దుకాణంలోనే ఒక్కో తీగను ఒక్కో మెట్టు మీద నొక్కి చూడండి, మెట్ల అంచుల మీద అరచేయి నడపండి, నాబ్‌లు తిప్పి వినండి. మెడ మెలితిరిగి ఉంటే వదిలేయండి, అది బాగుపడదు. తక్కినవి మార్చుకోగలిగినవే. స్విచ్ విప్పి కొత్తది సోల్డర్ చేయడం ఆవారంపాళయం వైండింగ్ షాపులో ఎవరికైనా వచ్చిన పనే.