చుక్కల పటములో ఎఱ్ఱచుక్క

ఒక వీధిలోని పిల్లల వయస్సును అడ్డగీతమీదను, ఎత్తును నిలువుగీతమీదను కొలిచి, ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క చుక్క పెట్టితిమనుకొనుడు. ఇదియే చుక్కల పటము. దీనిని స్కాటర్ ప్లాట్ అందురు. అది చూచిన తల్లి మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: “ఇందులో మా అబ్బాయి ఎక్కడ?”

ఆ ప్రశ్నకు సమాధానముగా ఒక చుక్కకు వేఱు రంగు వేయుట కంప్యూటరుకు సులభమైన పని. పైథాన్ భాషలో మాట్‌ప్లాట్‌లిబ్ అను ఉపకరణ సంపుటి కలదు. అందలి స్కాటర్ అను ఆదేశమును రెండుసార్లు ఇయ్యవలెను. మొదటిసారి చుక్కలన్నియు లేత బూడిదరంగులో చిన్నవిగా పడును. రెండవసారి, మనము కోరిన నియమమునకు లోబడిన చుక్కలు మాత్రమే ఎఱుపురంగులో, కొంచెము పెద్దవిగా, వానిపై పడును. పిమ్మట ఎనొటేట్ అను ఆదేశముతో చుక్క ప్రక్కన పేరు వ్రాయవచ్చును. చేతితో రంగు పూసినచో అది మన ఇష్టము. నియమము వ్రాసి రంగు వేయించినచో దానిని ఎవరైనను పరీక్షింపవచ్చును.

అయితే తక్కిన చుక్కలను తుడిచివేసినచో ఏమగును? పిల్లలందఱి చుక్కలు లేనిదే మన అబ్బాయి పొడుగో పొట్టియో తెలియదు. ఈ చిన్న విషయము ఒకప్పుడు ప్రాణములతో ముడిపడినది.

1986 జనవరి 27వ తేదీ రాత్రి అమెరికాలో ఛాలెంజర్ అను అంతరిక్షనౌకను మఱునాడు చలిలో పంపవచ్చునా యని చర్చ జరిగినది. రాకెట్టు అతుకులను మూయు రబ్బరు వలయములు చలికి బిగుసుకొనునని తయారీ సంస్థ ఇంజనీర్లు భయపడి, మొదట వలదనిరి. కాని వలయములు దెబ్బతిన్న ప్రయాణములను మాత్రమే చూచినప్పుడు, అవి చలిదినములలోను వెచ్చనిదినములలోను కూడ కనబడినవి. చలికిని దెబ్బకును సంబంధము రుజువు కాలేదను వాదము నెగ్గినది. మఱునాడు నౌక ఎగిరిన 73 సెకన్లకే ధ్వంసమై, అందలి ఏడుగురును మరణించిరి.

ఆ యేడే రోజర్స్ విచారణ సంఘము, ఏ దెబ్బయు తగులని ప్రయాణములను కూడ చేర్చి పటము చూపినది. వలయముల ఉష్ణోగ్రత సుమారు 19 సెంటిగ్రేడు డిగ్రీలు, అంతకు మించిన 20 ప్రయాణములలో మూడింటికే దెబ్బ తగిలినది. సుమారు 17 డిగ్రీలు, అంతకు తక్కువైన నాలుగింటికి నాలుగును దెబ్బతినినవి. ఇప్పుడు “18 డిగ్రీలకు తక్కువైనచో ఎఱుపు” అని నియమము వ్రాసి చూడుడు. బూడిదరంగు చుక్కలలో అధికభాగము అడుగుగీతను అంటియుండును. ఎఱ్ఱచుక్కలు నాలుగును పైకి లేచియుండును. ఎగిరిన దినమున చలి సున్న డిగ్రీల సమీపమున నుండెను. అంత చలిలో అంతకుముందు ఒక్క ప్రయాణమైనను జరిగియుండలేదు.

కావున ఎఱ్ఱచుక్కను చూపువారు బూడిదచుక్కలను దాచరాదు. చూచువారు కూడ, “తక్కినవి ఎక్కడ?” అని ఒక్కమాట అడుగవలెను.