డీజిలు బండియా, పెట్రోలు బండియా?

భద్రాచలముకడ గోదావరిపై వంతెన 1965లో ప్రారంభింపబడినది. అంతకు పూర్వము ఖమ్మము వైపునుండి వచ్చువారు ఈవలి యొడ్డున బండి దిగి, పడవ నెక్కి నది దాటవలసి యుండెను. ఇక రైలు మాట. 'భద్రాచలం రోడ్డు' అను పేరు చూచి టిక్కెట్టు తీసికొని, దిగగానే రామాలయ గోపురము కనబడునని తలచు యాత్రికులు నేటికిని కలరు. ఆ స్టేషను కొత్తగూడెములో నున్నది. అటనుండి గుడికి ఇంకను 40 కిలోమీటర్లు రోడ్డుపై పోవలెను. అందుచే ఈ సీమలో మోటారుబండి కేవలము విలాసవస్తువు కాదు. అడవి యంచున నున్న పల్లెలలో అది ఒక్కొక్కనాడు ఆసుపత్రి బండి కూడ అగుచుండును.

మా మేనత్త కుమారులు ఇరువురు. పెద్దవాడు భద్రాచలములో ఉపాధ్యాయుడు. వంతెన దాటి సారపాకలోని బడికి పోయి వచ్చును. చిన్నవాడు చర్ల సమీపమున మిరపతోట చేయుచున్నాడు. మేనత్త చిన్నవాని యొద్దనే యుండును. గడచిన వర్షకాలములో ఒక రాత్రి ఆమెకు గుండెలో నొప్పి వచ్చినది. పొరుగూరినుండి జీపు వచ్చుటకు రెండు గంటలు పట్టినది. ఆమె బ్రతికినది గాని, ఆ రెండు గంటలు అన్నదమ్ము లిరువురును మరువలేదు. ఉన్న డబ్బు కలిపి ఒక కారు కొందమని నిశ్చయించుకొని మా యింటికి వచ్చిరి. "బావా, డీజిలు కొనమంటావా, పెట్రోలు కొనమంటావా?" అని పెద్దవాడడిగెను. పెట్రోలు కొనవలెనని అతని పట్టుదల. డీజిలే కావలెనని తమ్ముని పట్టుదల. ఇట్టి ప్రశ్న అనేక గృహములలో వచ్చుచున్నది గనుక, మేము వారికి చెప్పిన సంగతులే ఇచట వ్రాయుచున్నాము.

ముందుగా ఈ రెండు యంత్రములకును గల భేదము. సైకిలుకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మన మందరమును ఎరుగుదుము. గాలిని నొక్కినచో వేడి పుట్టును. పెట్రోలు ఇంజనులో గాలిని, పెట్రోలు ఆవిరిని కలిపి సుమారు పదింట నొకవంతునకు నొక్కి, ప్లగ్గునుండి వచ్చు నిప్పురవ్వతో అంటింతురు. 1876లో జర్మనీ దేశీయుడగు ఆటో నిర్మించిన యంత్రమే దీనికి మూలపురుషుడు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. కేవలము గాలినే పదునారింట నొకవంతునకో, అంతకంటె తక్కువకో నొక్కుదురు. అది 500 డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మినంతనే అది తనంత తానే మండును. రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు దీనికి 1893లో పేటెంటు పొంది, 1897లో చక్కగ పనిచేయు యంత్రమును చూపగలిగెను. నూనెకు ఆయన పేరే నిలిచినది.

ఎక్కువ నొక్కుడు గల యంత్రము అదే నూనెనుండి ఎక్కువ పని రాబట్టును. పైగా ఒక లీటరు డీజిలులో ఒక లీటరు పెట్రోలుకంటె సుమారు పదవవంతు ఎక్కువ శక్తి గలదు. ఈ రెండు కారణముల వలననే డీజిలు బండి లీటరునకు ఎక్కువ దూరము పోవుచున్నది. కాని అంతటి ఒత్తిడికి ఆగవలెనన్నచో ఇంజను బలముగా, బరువుగా ఉండవలెను. తుంపర చిమ్ము పంపు మిక్కిలి సున్నితముగ నుండవలెను. కావున వెల ఎక్కువ. ఆదాయెచట, వ్యయమెచట అను లెక్కయే ఇక మిగిలినది.

ఆ లెక్క కాగితముపై వేసి చూపితిమి. పెట్రోలు బండి లీటరునకు 16 కిలోమీటర్లును, అదే పరిమాణము గల డీజిలు బండి 21 కిలోమీటర్లును పోవుననుకొందము. 2024 మార్చి నాటి హైదరాబాదు ధరలు తీసికొన్నచో పెట్రోలు సుమారు 107 రూపాయలు, డీజిలు సుమారు 96 రూపాయలు. నూరు కిలోమీటర్లకు పెట్రోలు ఖర్చు 669 రూపాయలు, డీజిలు ఖర్చు 457 రూపాయలు. మిగులు 212. డీజిలు బండికి లక్షన్నర ఎక్కువ పెట్టి కొన్నచో, ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు సుమారు 71 వేల కిలోమీటర్లు తిరుగవలెను. సంవత్సరమునకు 5 వేలు తిరుగువానికి అది పదునాలుగు సంవత్సరములు. యాత్రికులను ఎక్కించుకొని 30 వేలు తిరుగు టాక్సీవానికి రెండున్నర సంవత్సరములు కూడ పట్టదు. ధరలు మారునపుడు పాఠకులు తమ యూరి ధర వేసికొని చూడవచ్చును. భద్రాచలము వారికి ఈ విషయములో ఒక చిత్రమున్నది: 2014లో చుట్టుపట్ల మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినందున, పట్టణము దాటి ఎటపాకకు పోగానే రాష్ట్రము మారును, పన్ను మారును, బంకులో ధరయు మారును.

"మా పక్కింటాయన డీజిలు బండి కొని ఎంతో మిగిల్చాడు గదా!" అని చిన్నవాడనెను. నిజమే, ఆయన కొన్నది 2012లో. ఆ సంవత్సరము మే మాసములో ఢిల్లీలో పెట్రోలు 73 రూపాయలు, డీజిలు 41 రూపాయలు. పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణ 2010లోనే తొలగినది. డీజిలుపై 2014 అక్టోబరు వరకు ఉండెను. 32 రూపాయల వ్యత్యాసము నాటి కాలమున లెక్క వేసికొన్నవారి మాటలు నేటికి చెల్లవు.

2020 ఏప్రిల్ ఒకటవ తేదీనుండి భారత్ స్టేజి 6 అను పొగ నిబంధనలు వచ్చినవి. వానికి తగినట్లు డీజిలు బండ్లను మార్చుట ఖర్చుతో కూడిన పని యగుటచే మారుతీ సుజుకీ సంస్థ ఆ యేటినుండి డీజిలు కార్ల తయారీయే మానుకొన్నది. నేటి డీజిలు కారులో పొగగొట్టమునందు మసిని పట్టు జల్లెడ యొకటి యుండును. అందు నిండిన మసి అప్పుడప్పుడు కాలిపోవలెను. అది కాలుటకు పొగ సుమారు 600 డిగ్రీల వేడికి రావలెను. అనగా బండి ఆగకుండ పావుగంటయో, ఇరువది నిమిషములో మంచి వేగముతో పోవలెను. ఇల్లు, వంతెన, బడి, మరల ఇల్లు—ఇట్లు రోజునకు నాలుగైదు కిలోమీటర్లు తిరుగు బండికి ఆ యవకాశమెక్కడిది? జల్లెడ మూసికొనిపోవును, ఎఱ్ఱదీపము వెలుగును, మరమ్మతు వేలలో వచ్చును. మేమును ఒకప్పుడు పట్టణములో తిరుగుటకే డీజిలు బండి ఉంచుకొని ఈ శిక్ష అనుభవించినవారమే. దోషము బండిది కాదు, మాది. ఈ మాట వినగానే పెద్దవాని ముఖము వికసించినది.

అయితే చిన్నవాని పక్షమున చెప్పవలసినది ఇంకను కలదు. డీజిలు ఇంజను తక్కువ వేగములోనే ఎక్కువ లాగుడు చూపును. బండినిండ మనుషులు, వెనుక రెండు మిరప టిక్కీలు, చింతూరునుండి మారేడుమిల్లి ఘాటు ఎక్కవలసిన దారి—అట్టిచోట డీజిలు బండి ఆయాసపడదు. మరియొకటి నూనె భద్రత. పెట్రోలు మామూలు వేడికే ఆవిరియై, దూరమునుండి నిప్పు అందుకొనును. దానిని సీసాలలో పోసి ఇంటిలో ఉంచుట ప్రాణాపాయము. డీజిలు అంత సులభముగ అంటుకొనదు. ట్రాక్టరుకును, నీటి ఇంజనుకును అదే కావలెను గనుక రైతు ఇంట అది దొరకును. కాని డబ్బాలో నిలువయుంచిన డీజిలులోనికి వానకాలమున నీరు చేరును. పూర్వపు జీపు దానిని ఎట్లో సహించెడిది. నేటి పంపు అతి తీవ్రమైన ఒత్తిడిపై పనిచేయుచు, డీజిలు జిడ్డునే తనకు కందెనగా వాడుకొనును. నీరు చేరినను, పొరపాటున పెట్రోలు పోసినను అది అరిగి చెడును. పోసినది పెట్రోలని తెలిసినంతనే తాళము తిప్పక, టాంకి ఖాళీ చేయించవలెను.

'డీజిలు బండి నీళ్లలో నుంచి పోవును' అను నమ్మిక మన్యములో బలముగా నున్నది. నిప్పురవ్వ లేని పాత జీపు వాగులు దాటిన మాట వాస్తవమే. ఐనను గాలి పీల్చు మార్గములోనికి నీరు పోయినచో ఏ ఇంజనైనను ఆగును. నీటిని నొక్కుట సాధ్యము కాదు గనుక లోపలి కడ్డీలు వంగిపోవును. పైగా నేటి బండ్ల నిండ విద్యుత్ పరికరములే. 1986 ఆగస్టులో భద్రాచలముకడ గోదావరి 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చినది. 43 అడుగులకే మొదటి హెచ్చరిక ఇత్తురు. నది పోటుకు వాగులు వెనుకకు ఎగదన్ని రోడ్డుపైకి వచ్చును. అట్టి నీటిలో ఏ నూనె బండియు బండి కాదు.

పెట్రోలు పక్షమున కూడ ఒక లోపము చెప్పవలెను. ఇప్పుడు బంకులలో అమ్ము పెట్రోలులో ఇథనాలు కలిసియున్నది. 2025 నాటికి అది నూటికి ఇరువది పాళ్లు చేరినది. ఇథనాలులో శక్తి పెట్రోలుకంటె మూడవవంతు తక్కువ గనుక మైలేజీ కొంత తగ్గును. పాత బండి కొనువారు దాని రబ్బరు గొట్టములు ఈ మిశ్రమమునకు తట్టుకొనునో లేదో విచారింపవలెను. ఇక డీజిలు పొగ ఆరోగ్యమునకు చేయు కీడును తేలికగా తీసికొనరాదు. అది కాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగము 2012లో నిర్ణయించినది. చావడి ముందర ఇంజను ఆడించుచు మాటలాడుకొను అలవాటు మానవలెను.

ఇంత చెప్పినను అన్నదమ్ముల తగవు తీరలేదు. ఆ సాయంకాలము మేనత్తయే ఫోనులో అడిగినది: "అదంతా సరే నాయనా, రాత్రిపూట నాకేమైనా అయితే బండి ఎక్కడుంటది?"

మేము అడుగ మరచిన ప్రశ్న అదియే. బండి భద్రాచలములో నున్నచో తల్లికడకు పోవుటకు 60 కిలోమీటర్లు, తిరిగి వచ్చుటకు 60. పల్లెలోనే యున్నచో రాకకు కాచుకొనవలసిన పని లేదు. అంతట పెద్దవాడు తన స్కూటరే చాలుననెను. ఇక లెక్క మారినది: వారమున కొకమారు భద్రాచలము, పంటకాలమున ఖమ్మము మిరప మార్కెట్టు, బంధువుల పెండ్లిండ్లు—ఏటికి 12 వేల కిలోమీటర్లకు తక్కువ కాదు. దూరము దూరముగా తిరుగు బండి గనుక జల్లెడ బాధయు లేదు. పెట్టిన సొమ్ము ఆరు సంవత్సరములలో తిరిగి వచ్చును. డీజిలు బండియే కొన్నారు. ఫిల్టరు అడుగున చేరిన నీటిని తీయుట చిన్నవాడు మెకానిక్కు వద్ద నేర్చుకొన్నాడు. టాంకి సగమునకు తగ్గనీయడు. తాళపుచెవి మేనత్త తలగడ క్రిందనే యుండును.