పాత గేరు కారు, మన మొగమాటం

సంతలో ఎద్దును కొనే రైతు ముందుగా నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. సుళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. వీలయితే కాడి కట్టి చూస్తాడు. అమ్మేవాడు సొంత మేనమామ అయినా ఈ పరీక్షలలో ఒక్కటీ మానడు, అందుకు ఆ మేనమామ నొచ్చుకోడు. అటువంటి రైతుల బిడ్డలమే మనలో చాలామందిమి. కాని జీతంలో నెలనెలా మిగిల్చిన సొమ్ముతో పాత కారు కొనబోయేసరికి, బానెట్టు ఎత్తి చూపించండి అనడానికి కూడ సంకోచిస్తాము. "బండి బంగారమండీ" అని వారంటే, "మీరు చెప్పిన తరువాత ఇంకేమున్నది" అని అడ్వాన్సు చేతిలో పెట్టి వస్తాము. ఈ మొగమాటం ఖరీదు ఎంతో ఆ తరువాత మెకానిక్కు షెడ్డులో తెలుస్తుంది.

బెంగుళూరు, హోసూరు, బళ్లారి, చెన్నపట్నం, బరంపురం - మనవాళ్లు ఎక్కడ స్థిరపడినా కారు అవసరం ఒకే తీరున వస్తుంది. తల్లిదండ్రులకు మోకాళ్లు సహకరించవు. ఆసుపత్రికి వేళకు ఆటో దొరకదు. స్వగ్రామంలో పెళ్లికో తద్దినానికో ఇంటిల్లిపాదీ పోవలసి వస్తుంది. కొత్త కారుకు స్తోమతు చాలదు. అప్పుడు చూపు పాత కారు మీదికి పోతుంది. పాత చిన్న కారంటే మన దేశంలో ఇంచుమించు గేరు కారే. 1983లో వచ్చి 2014 ఆరంభం వరకు తయారైన మారుతి 800 గాని, 1998లో వచ్చిన శాంత్రో గాని, 2000లో వచ్చిన ఆల్టో గాని, ఎక్కువ భాగం కాలితో క్లచ్చి తొక్కి చేతితో గేరు మార్చే బండ్లే. గేర్లు వాటంతట అవే మారే ఏర్పాటు చౌక కార్లలోకి విరివిగా వచ్చింది 2014 తరువాతనే.

గేరు కారులో ఒక సుగుణం ఉన్నది. దాని రోగం కాలికి, చేతికి, చెవికి తెలుస్తుంది. పుస్తకజ్ఞానం లేనివారు కూడ కొంత కనిపెట్టవచ్చు. ఏ చిన్న ఊళ్లోనైనా దానిని విప్పి బిగించగలవాడు దొరుకుతాడు. అయితే అన్నిటికన్న ముందు, ఆ బండిని నడపబోయేది ఎవరో ఆలోచించుకోవలె. పట్నపు రద్దీలో ఒక గంట ప్రయాణానికి క్లచ్చి లెక్కలేనన్నిసార్లు తొక్కవలసి ఉంటుంది. ఎడమ మోకాలు నొప్పి ఉన్నవారు ఆగి ఉన్న బండిలో కూర్చుని వరుసగా ఇరవైసార్లు క్లచ్చి తొక్కి చూసుకోవలె. కాలు వద్దంటే, కారు ఎంత చౌకైనా వద్దనుకోవడమే మంచిది.

బండిని చూడడానికి ఉదయం పూట పోవలె. "నేను వచ్చేదాకా స్టార్టు చేయకండి" అని ముందుగానే చెప్పవలె. వెళ్లగానే బానెట్టు మీద చేయి వేస్తే నిజం తెలుస్తుంది; వెచ్చగా ఉంటే అప్పటికే ఎవరో ఇంజనును ఆడించారన్నమాట. చల్లని ఇంజను దాచుకోలేని లోపాలను వేడెక్కిన ఇంజను దాచగలదు. స్టార్టు చేసినపుడు వెనుక గొట్టంలో నుంచి వచ్చే పొగ చూడవలె. నీలిపొగ వస్తే ఇంజనాయిలు కాలుతున్నది. నల్లపొగ అయితే పెట్రోలు సరిగా కాలడం లేదు. చలి ఉదయాన కొద్దిపాటి తెల్లని ఆవిరి సహజం. కాని ఇంజను వేడెక్కిన తరువాత కూడ దట్టమైన తెల్లపొగ ఆగకపోతే, ఇంజనును చల్లబరచే నీళ్లు లోపలికి కారుతున్నాయేమో అని అనుమానించవలె. అది పెద్ద ఖర్చు.

ఇక క్లచ్చి. సమమైన నేల మీద, ముందర మనుషులు లేకుండా చూసుకొని, చేతిబ్రేకు గట్టిగా లాగి, మూడవ గేరు వేసి, కాస్త యాక్సిలరేటరు ఇస్తూ క్లచ్చిని మెల్లగా వదలవలె. క్లచ్చి ప్లేటు బాగుంటే ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. ఆగకుండా గుర్రుమంటూ తిరుగుతూనే ఉంటే ప్లేటు అరిగిందన్నమాట. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. పదేపదే చేస్తే బాగున్న ప్లేటు కూడ చెడుతుంది. ఎత్తు ఎక్కేటపుడు ఇంజను మోత పెరిగి, వేగం మాత్రం పెరగకపోయినా ఇదే జబ్బు. క్లచ్చి తొక్కినపుడు మాత్రమే గరగర వినిపిస్తే లోపం క్లచ్చి బేరింగులో. తొక్కకుండా న్యూట్రలులో ఉన్నపుడు వినిపించి, తొక్కగానే ఆగిపోతే లోపం గేరుపెట్టెలోని బేరింగులో ఉండవచ్చు. మొదటిదానికన్న రెండవది బరువైన ఖర్చు.

గేరుపెట్టెను పరీక్షించడానికి కనీసం అరగంట నడపవలె. మొదటి గేరు నుండి రెండవదానికి, మళ్లీ మూడవ దాని నుండి రెండవదానికి మార్చి చూడవలె. పళ్లు కొరికినట్లు శబ్దం వస్తే, రెండు గేర్ల వేగాన్ని సమం చేసే కంకణాలు అరిగినట్లు. పల్లంలో రెండవ గేరులో పోతూ యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసినపుడు, గేరు రాడ్డు దానంతట అదే న్యూట్రలులోకి జారితే ఆ బండిని వదిలివేయడమే క్షేమం. కొండదారి దిగేటపుడు బండిని పట్టి ఉంచేది బ్రేకు ఒక్కటే కాదు, చిన్న గేరు కూడ. హార్సిలీ కొండ దిగుతుండగా ఆ గేరు జారితే ఏమవుతుందో పాఠకులు ఊహించుకోగలరు. రివర్సు గేరు కొద్దిగా గీరుకున్నా భయపడనక్కరలేదు. చాలా కార్లలో దానికి ఆ కంకణం ఉండదు. బండి పూర్తిగా ఆగి ఒక్క క్షణం గడిచిన తరువాత వేస్తే సరిపోతుంది.

ఒంటి సంగతి కూడ చూడవలె. సముద్రతీరపు బండి అయితే తలుపుల అడుగు అంచులు, కాళ్ల కింది పట్టాల అడుగు తుప్పు పట్టి ఉండవచ్చు. 2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరు తుపానులోను చెన్నపట్నంలో ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన బండిని కడిగి మెరుగుపెట్టడం తేలికే. కాని సీటుబెల్టును చివరిదాకా బయటికి లాగి చూస్తే, ఎవరూ కడగని ఆ కొసన బురద మరక కనిపించవచ్చు. మీటరులో నలభైవేల కిలోమీటర్లని ఉండి, క్లచ్చి పెడలు రబ్బరు నున్నగా అరిగి ఉంటే, మీటరు కన్న రబ్బరును నమ్మవలె. మరొక మాట. ఇప్పుడు బంకులలో విరివిగా అమ్మేది నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు. 2023 ఏప్రిలుకు ముందటి కార్లు చాలావరకు ఈ మిశ్రమం కోసం తయారైనవి కావు. కనుక పెట్రోలు గొట్టాలు, రబ్బరు వాషర్లు ఎలా ఉన్నాయో చూపించుకోవలె.

ఇవన్నీ మనమే చూసినా, బేరానికి ముందు మనకు తెలిసిన మెకానిక్కుకు కూలి ఇచ్చి చూపించవలె. అమ్మేవారు తెచ్చే మెకానిక్కు మనవాడు కాడు. అతడు చెప్పిన మరమ్మతులను కాగితం మీద రాసి కూడుకోవలె. అడిగిన ధర 1,20,000 రూపాయలు, మరమ్మతులు 35,000 అనుకుందాము. అప్పుడు ఆ కారు ఖరీదు 1,55,000. అంత పెట్టి కొంటామా అని ఇంట్లో కూర్చుని ఆలోచించవలె గాని, మెరిసే రంగు ముందర నిలబడి కాదు.

యంత్రం తరువాత కాగితం. ఆర్.సి.లోని ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు బండి మీది నెంబర్లతో అక్షరం అక్షరం సరిచూడవలె. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకువారి నిరభ్యంతర పత్రం, 35వ ఫారం ఉండవలె. పేరు మార్పుకు 29, 30 ఫారాలు కావలె. ప్రభుత్వంవారి పరివాహన్ సైటులో బండి నెంబరు వేస్తే బకాయి జరిమానాలు కూడ తెలుస్తాయి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగుస్తుంది. తనిఖీ చేయించి అయిదేసి ఏండ్లకు పొడిగించుకోవలె. ఆ రుసుమును 2022 ఏప్రిలు నుండి 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. 20 ఏండ్లు దాటిన కార్లకు 2025లో ఇంకా పెంచారు. పదునాలుగేండ్ల కారు చౌకగా వస్తున్నదంటే ఈ లెక్క కూడ వేసుకోవలె.

మనవంటి కుటుంబాలకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. మనం బెంగుళూరులో ఉంటాము. చిత్తూరులోనో అనంతపురంలోనో బావగారు కారు అమ్ముతానంటారు. "ఇంటివాళ్లమే గదా, కాగితాలు నిదానంగా చూసుకుందాం" అని తాళాలు ఇస్తారు. రాష్ట్రం దాటిన బండికి 28వ ఫారం మీద అక్కడి ఆఫీసు అనుమతి కావలె. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నెంబరు తీసుకోవలె, ఇక్కడి పన్ను కట్టవలె. అక్కడ కట్టిన పన్నులో కొంత తిరిగి రాబట్టుకొనే వీలున్నా, దానికి తిరుగుడు తప్పదు. ఈ మొత్తం తెలియకుండా కుదిరిన బంధువుల బేరం, బయటి బేరం కన్న ప్రియం కావచ్చు.

పేరు మార్చకపోవడం వల్ల అమ్మినవారికే ఎక్కువ ముప్పు. ఒక కారు వరుసగా చేతులు మారింది, ఆర్.సి.లో మాత్రం మొదటి యజమాని పేరే మిగిలింది. 2009లో ఆ కారు వల్ల ప్రమాదం జరిగి ఒక ప్రాణం పోయింది. ఎప్పుడో 2007లోనే అమ్మివేశానని ఆయన వాదించాడు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రిజిస్ట్రేషనులో ఎవరి పేరున్నదో వారే చట్టం దృష్టిలో యజమాని అనీ, నష్టపరిహారం బాధ్యత వారిదే అనీ తీర్పు చెప్పింది. కొన్నవారికి మాత్రం నష్టం లేదా? భీమా మన పేరున మారకపోతే, మన బండికి జరిగిన నష్టానికి కంపెనీ సొమ్ము ఇవ్వకపోవచ్చు. అందుచేత కొన్న 14 రోజులలోగా భీమా మార్పుకు, 30 రోజులలోగా పేరు మార్పుకు దరఖాస్తు పెట్టవలె.

ఇందులో బంధుత్వం చెడే మాట ఏమీ లేదు. అడిగే తీరులో ఉన్నది. "బావగారూ, రేపు ఏ నోటీసు వచ్చినా మీ పేరునే వస్తుంది. మీకు ఆ బెడద పెట్టడం నాకిష్టం లేదు. సంతకాలు చేసి ఇవ్వండి, ఆఫీసు చుట్టూ నేనే తిరుగుతాను" అంటే ఏ బావగారు కాదంటారు? అమ్మకం నాటి తేదీ, గంట, మీటరు అంకె రాసి ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకోవలె. ధరలో కొంత భాగం పేరు మారిన నాడు ఇచ్చేటట్లు ముందే మాట్లాడుకోవలె. ఆ తరువాత బండిలో అమ్మను కూర్చోబెట్టుకొని ఆసుపత్రికి పోయినా, అందరితో కలిసి ఊరికి పోయినా, దారిలో ఎవరు ఆపి కాగితాలు అడిగినా, మీ పేరున్న కాగితమే తీసి చూపించవచ్చు.