నీలి వెలుగు – పసిబిడ్డల పచ్చకామెర్లు

మన పిల్లల వార్డు వరండాలో నడిచే చాలామంది ఒక గది దగ్గర ఆగి అద్దంలోంచి తొంగి చూస్తుంటారు. లోపల అంతా నీలి వెలుగు. ఆ వెలుగు కింద, కళ్లకు గంతలు కట్టుకొని, చిన్న డైపరు తప్ప ఒంటిమీద ఏమీ లేకుండా ఒక పసికందు నిద్రపోతూ ఉంటుంది. మందు లేదు, సూది లేదు. ఇదేమి వైద్యం అని చూసినవారికి అనిపిస్తుంది.

పెద్దవాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. "సిస్టరమ్మా, మా కాలంలో పచ్చగా ఉన్న బిడ్డను పొద్దుటి ఎండలో కాసేపు పడుకోబెట్టేవాళ్లం. దానికి ఈ లైట్లన్నీ ఎందుకమ్మా?" అంటారు. ఇది న్యాయమైన ప్రశ్నే. ఎందుకంటే ఈ వైద్యం పుట్టింది ఎండలోనే. దాన్ని మొదట గమనించింది కూడా ఒక నర్సే.

బిడ్డ ఎందుకు పచ్చబడుతుంది?

మన రక్తంలోని ఎర్రకణాలు కొంతకాలానికి పాతబడి విరిగిపోతాయి. వాటినుండి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. నూనె నీళ్లలో కలవనట్లే ఇది కూడా నీళ్లలో కరగదు. కరగనిది ఒంట్లోనుండి బయటికి పోలేదు. కాలేయం దానికి మరొక పదార్థాన్ని జోడించి, కరిగేటట్లు చేసి, పైత్యరసంతో పేగుల్లోకి పంపుతుంది. అది మలంతో పోతుంది.

బిడ్డ కడుపులో ఉన్నంతకాలం ఈ పని మాయ ద్వారా తల్లి శరీరమే చూసుకుంటుంది. పుట్టిన తరువాత బిడ్డ కాలేయం చేసుకోవాలి. అదేమో ఇంకా పనికి అలవాటు పడలేదు. పైగా పసిబిడ్డలో ఎర్రకణాలు ఎక్కువ, వాటి ఆయుష్షు పెద్దవారి కణాలకంటే తక్కువ. అందుకే నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో 100కి దాదాపు 60 మంది, నెలలు నిండకుండా పుట్టినవారిలో దాదాపు 80 మంది మొదటి వారంలో కొంత పచ్చబడతారు. చాలామందికి రెండవ మూడవ రోజుల్లో మొదలై, వారం రెండు వారాల్లో తానే తగ్గిపోతుంది.

కొందరిలో మాత్రం బిలిరుబిన్ ఎక్కువగా పెరిగి మెదడులోకి చేరుతుంది. అక్కడ అది చేసే నష్టాన్ని తరువాత ఏ మందూ బాగు చేయలేదు. చెవుడు, కాళ్లు చేతులు బిగుసుకుపోవడం, ఒక్కోసారి మరణం కూడా సంభవిస్తాయి. బిడ్డకు పచ్చకామెర్లు అనగానే మేము తొందరపడేది ఇందుకే.

ఒక సిస్టరు చూసినది

1956వ సంవత్సరం వేసవి. ఇంగ్లండులోని ఎస్సెక్స్ ప్రాంతంలో రోచ్‌ఫర్డ్ ఆసుపత్రి. అక్కడ నెలలు నిండని బిడ్డల విభాగాన్ని చూసుకునే సిస్టరు పేరు జీన్ వార్డ్. గాలి, ఎండ బిడ్డలకు మంచివని ఆమె నమ్మకం. వెచ్చని రోజుల్లో కాస్త గట్టిగా ఉన్న బిడ్డలను ఆవరణలోకి తీసుకువెళ్లేవారు.

ఒకరోజు డాక్టర్లు రౌండుకు వచ్చినప్పుడు ఆమె మొహమాటపడుతూనే ఒక బిడ్డను చూపించారు. ఒళ్లంతా తెల్లబడింది, ఒక్కచోట మాత్రం త్రికోణం ఆకారంలో చిక్కటి పసుపు. ఆమె ఏదో మందు పూశారేమోనని పెద్ద డాక్టరు అనుకున్నారు. పూసింది కాదు, దుప్పటి అంచు కప్పిన చోటు అది. ఎండ తగిలిన చర్మం తెల్లబడింది, తగలని చోట పసుపు అలాగే నిలిచింది.

కొన్నాళ్లకు మరో విచిత్రం జరిగింది. పచ్చకామెర్ల బిడ్డ రక్తం ఉన్న ఒక గొట్టం కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయింది. పరీక్ష చేస్తే బిలిరుబిన్ అనుకున్నదానికంటే బాగా తక్కువగా ఉంది. ఈ రెండూ కలిపి ఆలోచించి డాక్టర్ క్రీమర్, ఆయనతోటివారు పరీక్షలు చేశారు. పని చేస్తున్నది వెలుగేనని, అందులోనూ నీలి వెలుగేనని తేల్చి, నీలి ట్యూబులైట్లతో ఒక పరికరం తయారు చేశారు. 1958లో "లాన్సెట్" వైద్య పత్రికలో ప్రచురించారు. అయినా వెంటనే అందరూ నమ్మలేదు. పదేళ్ల తరువాత, 1968లో, అమెరికాలో డాక్టర్ జెరోల్డ్ లూసీ, ఆయన సహచరులు నెలలు నిండని బిడ్డల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాక ఈ పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది. అంతకుముందు బిలిరుబిన్ బాగా పెరిగిన బిడ్డకు ఒంట్లోని రక్తం కొంచెం కొంచెం తీసి కొత్త రక్తం ఎక్కించడమే దారి. ఇప్పుడు ఆ అవసరం చాలా అరుదుగా వస్తోంది.

వెలుగు ఏమి చేస్తుంది?

వెలుగు బిలిరుబిన్‌ను కాల్చివేయదు. బిలిరుబిన్ అణువు తనలోకి తాను ముడుచుకొని ఉంటుంది. నీళ్లతో కలిసే భాగాలు ఆ మడతలో చిక్కుకొని ఉంటాయి. నీలి వెలుగు చర్మంలోకి దిగి ఆ అణువుకు తగిలితే దాని ఆకారం మారి మడత విడిపోతుంది. అప్పుడది నీళ్లలో కరుగుతుంది. కాలేయం సిద్ధం చేసి ఇవ్వవలసిన పని లేకుండానే పైత్యరసంలోకీ, మూత్రంలోకీ వెళ్లిపోతుంది. పసుపు రంగు పదార్థం నీలి వెలుగునే ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక మన లైట్లు నీలిరంగువి. వేడితో ఈ పనికి సంబంధం లేదు. చర్మానికి చేటు చేసే అతినీలలోహిత కిరణాల అవసరమూ లేదు.

మరి ఎండ చాలదా?

ఎండలో నీలి వెలుగు ఉన్న మాట నిజమే. దానితోపాటు వేడి, అతినీలలోహిత కిరణాలు కూడా ఉన్నాయి. బిడ్డను ఎండలో విప్పి పడుకోబెడితే చర్మం కమిలిపోతుంది, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. అలా కాకూడదని టోపీ పెట్టి, గుడ్డలు చుట్టి, పావుగంట కిటికీ దగ్గర కూర్చుంటే వెలుగు తగిలేది ముఖానికి మాత్రమే. మబ్బు పట్టినా, పొద్దు వాలినా అదీ లేదు. లైట్ల కింద బిడ్డ రాత్రింబగళ్లు ఉంటుంది.

నైజీరియాలోని లాగోస్‌లో, కరెంటు సరిగా అందని చోట, వేడినీ చెడు కిరణాలనూ ఆపే ప్రత్యేక తెరల కింద బిడ్డలకు ఎండ వైద్యం చేసి చూశారు. లైట్లకు తీసిపోకుండా పని చేసిందని 2015లో ప్రకటించారు. కాని అది ఆసుపత్రిలో, రక్తపరీక్షలు చేస్తూ, బిడ్డ వేడిని గంట గంటకూ చూసుకుంటూ చేసిన వైద్యం. మన వాకిట్లో చేసేది అది కాదు.

కొన్నేళ్ల క్రితం ఒక బిడ్డను ఆరవరోజున మా దగ్గరకు తెచ్చారు. తల్లిది నెగటివ్ గ్రూపు. రెండవరోజే బిడ్డ పచ్చబడింది. ఎండలో పెడితే పోతుందని ఎవరో చెప్పారు. వాళ్లు ప్రతి ఉదయం శ్రద్ధగా పెట్టారు. వచ్చేసరికి బిడ్డ పాలు తాగడం మానేసి, వెన్ను వెనక్కి విల్లులా వంచుతోంది. వెంటనే లైట్ల కింద పెట్టాం, రక్తమార్పిడి జరిగింది. బిడ్డ బతికింది. కాని ఆ బిడ్డకు వినబడదు. ఆ తల్లి అశ్రద్ధ చేయలేదు. చెప్పవలసిన మాట ఆమెకు ఎవరూ సమయానికి చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

లైట్ల కింద ఉన్నప్పుడు

కళ్ల గంతలు వెలుగునుండి కాపాడటానికే, తీసివేయవద్దు. రెండు మూడు గంటలకొకసారి బిడ్డను బయటికి తీసి తల్లిపాలు ఇవ్వండి. ఎంత ఎక్కువగా విరేచనం, మూత్రం అయితే అంత త్వరగా పసుపు పోతుంది. మలం ఆకుపచ్చగా, పలచగా అయితే భయపడకండి. గ్లూకోజు నీళ్లు పట్టవద్దు, వాటివల్ల కామెర్లు తగ్గవు. తల్లి పసుపు వేసిన కూర తిన్నందువల్ల బిడ్డ పచ్చబడదు. బాలింతను పత్యం పేరుతో పస్తు పెట్టవద్దు. పసరు మందులు, వాతలు అసలే వద్దు.

గంతలు తీసినప్పుడు ఆ కింద చర్మం ఇంకా పచ్చగా ఉండటం మీరే చూస్తారు. ఆనాడు ఆ సిస్టరు చూసిన త్రికోణం అదే. వెలుగు పడిన చర్మం ముందే తెల్లబడుతుంది, రక్తంలో బిలిరుబిన్ ఇంకా ఉండవచ్చు. కనుక "రంగు తగ్గింది, ఇంటికి పోతాం" అనకండి. రక్తపరీక్ష చూసి డాక్టరుగారు చెప్పాలి. లైట్లు ఆపాక మరోసారి పరీక్షకు రమ్మంటే తప్పక రండి.

వెంటనే తీసుకురావలసినప్పుడు

• పుట్టిన 24 గంటలలోపే బిడ్డ పచ్చబడితే
• అరచేతులు, అరికాళ్లు కూడా పచ్చగా కనబడితే
• పాలు సరిగా తాగక, లేపినా లేవక మగతగా ఉంటే
• కీచుగా ఏడుస్తూ, ఒళ్లు బిగబట్టి వెనక్కి వంగుతుంటే
• మలం సున్నంలా తెల్లగా, మూత్రం చిక్కటి పసుపుగా వస్తుంటే
• రెండు వారాలు దాటినా పసుపు పోకపోతే

తల్లిది నెగటివ్ గ్రూపయినా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, ముందు బిడ్డకు లైట్లు పెట్టవలసి వచ్చినా, ఏ గుర్తులూ కనబడేవరకు ఆగకుండా డాక్టరు చెప్పిన రోజున చూపించండి. బిడ్డను పగటి వెలుగులో చూడండి. నుదుటిమీద, రొమ్ముమీద వేలితో మెల్లగా నొక్కి తీస్తే చర్మం రంగు తెలుస్తుంది. నలుపు బిడ్డల్లో చిగుళ్లు, కంటి తెల్లగుడ్డు చూడండి. అనుమానం ఉంటే రాత్రయినా రండి. మా గదిలో ఆ నీలి లైట్లు మీ బిడ్డకోసమే వెలుగుతున్నాయి.