'సశేషం' అన్నాక మళ్ళీ మొదటికి: డ్రాగన్ల ప్రేమకథల విశేషాలు

రెబెకా యారోస్ రాసిన 'ఫోర్త్ వింగ్' 2023 మే 2న వచ్చింది. అదే ఏడు నవంబరు 7న 'ఐరన్ ఫ్లేమ్', 2025 జనవరి 21న 'ఓనిక్స్ స్టార్మ్' వచ్చాయి. మొత్తం అయిదు పుస్తకాల కథ ఇది. నాలుగోది చేతికి వచ్చేలోగా మొదటిది మళ్ళీ తెరవండి. తొలిసారి ఏం జరుగుతుందోనన్న ఆత్రంతో పేజీలు తిప్పేస్తాం. మలిసారి రచయిత్రి ఏది ఎక్కడ దాచిపెట్టిందో కనిపెడతాం. ఇలా వెనక్కి వెళ్ళి చదువుకోవడం తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. కథ మధ్యలో ఆగితే తరాల తరబడి ఎదురుచూసిన భాష మనది. ఆ తరువాయి రాసిన మహాకవి మన నెల్లూరువాడే. అందుకే డ్రాగన్ల విశేషాలతో పాటు మన నాగకన్యల విశేషాలూ ఇక్కడ చేరాయి. ఒక్క మాట: వీటిలో కథ గుట్టు కొంత బయటపడుతుంది.

కథ మొదలవకముందే ఒక ఆచూకీ

'ఫోర్త్ వింగ్' మొదటి అధ్యాయానికి ముందు ఒక చిన్న ప్రకటన ఉంటుంది. నవార్ దేశపు భాషలో ఉన్న ఈ కథను జెసినియా నీల్‌వార్ట్ అనే లేఖకురాలు ఇప్పటి భాషలోకి తెచ్చిందన్నది దాని సారాంశం. తొలిసారి చదివేటప్పుడు ఆ పేరు ఎవరిదో తెలియదు కాబట్టి దాటేస్తాం. తర్వాత ఆమే కథలోకి వస్తుంది. ఆమెకు చెవులు వినబడవు. నాయిక వయొలెట్ ఆమెతో చేతి సంజ్ఞలతో మాట్లాడుతుంది. సైనిక కళాశాలలో అడుగడుగునా ఎవరో ఒకరు చనిపోయే ఈ కథలో, జెసినియా మాత్రం కథనంతా తిరగరాసేంత కాలం బతికే ఉంటుందని రచయిత్రి మొదటి పుటలోనే చెప్పేసింది.

చెంప నిమిరిన చెయ్యి

డెయిన్ వయొలెట్‌కు చిన్ననాటి స్నేహితుడు. తాకితే చాలు, ఎదుటివాళ్ళ ఇటీవలి జ్ఞాపకాలు చూడగల శక్తి అతనిది. ఆ సంగతి నవలలో దాచినదేమీ కాదు. అయినా అతను ఆమె ముఖాన్ని చేతుల్లోకి తీసుకున్న ప్రతిసారీ అది ఆప్యాయతేనని పాఠకులు నమ్ముతారు, వయొలెట్ కూడా నమ్ముతుంది. ఆ స్పర్శ వల్లే ఆమెకు తెలిసిన ఒక రహస్యం పైవాళ్ళకు చేరిపోయిందని పుస్తకం చివర తెలుస్తుంది. మళ్ళీ చదివేటప్పుడు డెయిన్ చెయ్యి ఎక్కడెక్కడ ఆమె ముఖం మీదికి వెళ్ళిందో గుర్తుపెట్టుకుంటూ పోండి. అదే పుస్తకం వేరే కథలా కనిపిస్తుంది.

నాన్న చదివి వినిపించిన పుస్తకం

వయొలెట్ తల్లి సేనాధిపతి, తండ్రి లేఖకుడు. చిన్నప్పుడు ఆయన వినిపించిన జానపద కథల్లో వెనిన్ అనే దుష్ట మాంత్రికులు, వైవర్న్ అనే రెక్కల జంతువులు ఉంటాయి. అవి పిల్లల కథలేనని అందరూ కొట్టిపారేస్తారు. తీరా చూస్తే నిజమైన చరిత్ర వాటిలోనే మిగిలింది, గ్రంథాలయంలోని చరిత్ర గ్రంథాల్లోంచి తీసేశారు. డ్రాగన్‌కు నాలుగు కాళ్ళు, రెండు రెక్కలు. వైవర్న్‌కు రెండే కాళ్ళు. బ్రిటన్ రాజవంశ చిహ్నాల్లో ఎప్పటినుంచో ఉన్న తేడా ఇది. ఈ నవలలో మిత్రులెవరో శత్రువులెవరో తేల్చేది కూడా ఆ కాళ్ళ లెక్కే.

బలహీనత కాదు, శరీర ధర్మం

వయొలెట్ కీళ్ళు ఊరికే పట్టు తప్పుతాయి, ఎముకలు సులువుగా విరుగుతాయి. ఎహ్లర్స్-డాన్లోస్ సిండ్రోమ్ అనే జన్యు సంబంధమైన ఆరోగ్య సమస్యను మనసులో పెట్టుకుని యారోస్ ఆ పాత్రను మలిచారు. ఆ సమస్య రచయిత్రికీ ఉంది. శరీరంలో కణజాలాన్ని పట్టి ఉంచే కొలాజెన్ లాంటి ప్రోటీన్లలో లోపం వల్ల ఇది వస్తుంది. వయొలెట్ డ్రాగన్ మీద నిలదొక్కుకోవడానికి జీను తయారుచేయించేది కథానాయకుడు జేడెన్. ఆ ప్రేమకథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం అదే. ఆమెను మారమని అడగకుండా ఆమె శరీరానికి తగిన సాధనం సమకూర్చడం ఎంత గొప్ప ప్రేమ!

డ్రాగన్ల జంట, మనుషుల జంట

వయొలెట్‌ను ఎంచుకున్న నల్ల డ్రాగన్ టెయిర్న్, జేడెన్‌ను ఎంచుకున్న నీలి డ్రాగన్ స్గేయల్ ఒక జంట. ఆ జంట కారణంగా మనుషులిద్దరి ప్రాణాలూ ముడిపడతాయి. ఈ దారి వేసిన రచయిత్రి ఆన్ మెక్‌కాఫ్రీ. 1968లో వచ్చిన ఆమె 'డ్రాగన్‌ఫ్లైట్' నవలలో లెస్సా, ఎఫ్‌లార్ అనేవాళ్ళను కలిపేది వాళ్ళ డ్రాగన్ల కలయికే. ఆ నవలలో చేరిన 'వెయిర్ సెర్చ్' 1967లో పత్రికలో అచ్చయి, మరుసటి ఏడు హ్యూగో బహుమతి పొందింది. కాల్పనిక రచనకు ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ మెక్‌కాఫ్రీ. తర్వాత ఆమె ఐర్లాండ్‌లో స్థిరపడి, తన ఇంటికి 'డ్రాగన్‌హోల్డ్' అని పేరు పెట్టుకున్నారు.

ఒక్క వారంలో 27 లక్షలు

'ఓనిక్స్ స్టార్మ్' మొదటి వారంలోనే 27 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. పెద్దల కోసం రాసిన నవలల్లో గత ఇరవై ఏళ్ళలో అంత వేగంగా అమ్ముడైంది మరొకటి లేదని పత్రికలు రాశాయి. మొదటి రెండు పుస్తకాల మధ్య గడువు ఆరు నెలలు, తర్వాతి దానికి పద్నాలుగు నెలలు. ఎదురుచూపులకు పేరుపడ్డ డ్రాగన్ల కథ మరొకటుంది. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 'ఎ డ్యాన్స్ విత్ డ్రాగన్స్' 2011 జులైలో వచ్చింది. దాని తరువాయి కోసం పాఠకులు పదేళ్ళు దాటినా ఎదురుచూస్తూనే ఉన్నారు.

రెండు శతాబ్దాల తరువాయి

మన ఎదురుచూపు ముందు అది చిన్నదే. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతాన్ని తెనిగించడం మొదలుపెట్టి, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని, చివరిదాకా పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. అంటే మూడు భాగాల్లో నడిమిది అన్నిటికన్నా చివర వచ్చిందన్నమాట! ఎర్రన దాన్ని తన ప్రభువుకు అంకితం ఇవ్వలేదు. నన్నయే రాసినట్టుగా రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఆ శైలి నన్నయ పద్ధతిలో మొదలై మెల్లగా తిక్కన వైపు ఒరుగుతుందని పండితులు చెబుతారు. ముందు భాగం ఎంతగా మననం చేస్తే అలాంటి అతుకు కుదురుతుంది! మళ్ళీ చదవడమే పనిగా పెట్టుకున్న పాఠకుడు కవి అయితే ఎలా ఉంటుందో ఎర్రనను చూస్తే తెలుస్తుంది.

నీళ్ళలోకి లాగిన నాగకన్య

రెక్కలు లేకపోయినా మన ప్రేమకథల్లో డ్రాగన్ స్థానం నాగులదే. తీర్థయాత్రలో ఉన్న అర్జునుడు గంగలో స్నానం చేస్తుండగా నాగరాజు కౌరవ్యుడి కూతురు ఉలూపి అతన్ని పాతాళానికి తీసుకుపోతుంది. తనది బ్రహ్మచర్య వ్రతమని అతనంటే, ఆ నియమం ద్రౌపది విషయంలోనే కదా అని ఆమె తర్కంతో గెలుస్తుంది. నీళ్ళలో ఎవరూ అతన్ని గెలవలేరని వరమిస్తుంది. 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కొలువులో చేమకూర వేంకటకవి ఈ కథను తీసుకుని 'విజయవిలాసం' రాశాడు. ఉలూపి, చిత్రాంగద, సుభద్రలతో అర్జునుడి ప్రణయాలే దాని వస్తువు.

ఆ ప్రేమకథకు రెండో భాగం

ఉలూపి కథ అక్కడితో అయిపోయిందనుకుంటాం. యుద్ధమంతా ముగిశాక, అశ్వమేధ పర్వంలో ఆమె మళ్ళీ వస్తుంది. అర్జునుడితో పోరాడమని సవతి కొడుకు బభ్రువాహనుణ్ణి ఆమే రెచ్చగొడుతుంది. కొడుకు బాణానికి తండ్రి కూలిపోతాడు. చూసేవాళ్ళకు అది పచ్చి ద్రోహం. అప్పుడు ఆమె నాగుల దగ్గరున్న సంజీవని మణి తెప్పించి అతన్ని బతికించి, అసలు సంగతి చెబుతుంది. శిఖండిని అడ్డుపెట్టుకుని భీష్ముణ్ణి పడగొట్టినందుకు వసువులు శపించారు. కొడుకు చేతిలో కూలితేనే ఆ శాపం తీరుతుంది. ఇదంతా తెలిసే ఆమె ఆ నింద మోసింది. తెలుగులో ఈ ప్రేమకథ మొదటి భాగం నన్నయ చేతిలో, ముగింపు నెల్లూరు తిక్కన చేతిలో పడ్డాయి. 'ఫోర్త్ వింగ్'లో శత్రువులా కనిపించిన జేడెన్ తన రహస్యాన్ని ఎందుకు దాచాడో తెలిశాక వెనక్కి వెళ్ళి ఎలా చదువుతామో, ఉలూపి తొలి ఘట్టాన్నీ అలాగే మళ్ళీ చదవాలి.

ఒక్కసారికి అంతుపట్టని కావ్యం

16వ శతాబ్దపు పింగళి సూరన 'కళాపూర్ణోదయం' నూటికి నూరుపాళ్ళూ ప్రేమా అద్భుతమూ కలిసిన కథ. పురాణాల నుంచి తెచ్చుకున్నది కాదు, సొంత కల్పన. మణికంధరుడు నలకూబరుడి రూపంలో, కలభాషిణి రంభ రూపంలో తిరుగుతుంటే ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. మధురలాలస పసిపిల్లగా ఉండగానే తన పూర్వజన్మ కథ చెబుతుంది. ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు తెలుస్తాయి. చివరికి వెళ్ళి మళ్ళీ మొదటికి వస్తేగానీ ఈ కథ ముడి విడదు. దీన్ని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో ఆంగ్లంలోకి తెచ్చారు.

'జరిగిన కథ' అనే నాలుగు వాక్యాలు

మూడో పుస్తకం తెరిచేముందు రెండోదాని సారాంశం కోసం వెతుక్కోవడం ఈ తరం అలవాటు. 1947 జులైలో మొదలైన 'చందమామ' ఆ సౌకర్యాన్ని నెలనెలా ఇచ్చింది. ధారావాహిక పైన 'జరిగిన కథ' అని నాలుగు వాక్యాలుండేవి. 'తోకచుక్క', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసి లోయ', 'పాతాళ దుర్గం' లాంటి ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం, వాటికి బొమ్మలు గీసిన చిత్రా, భయంకర జంతువులనూ మాంత్రికులనూ తెలుగు పిల్లల కళ్ళ ముందు నిలబెట్టారు. నాలుగు వాక్యాలు ఇచ్చినా పిల్లలు పాత సంచికలే తీసి చదువుకునేవాళ్ళు. కథేమిటో గుర్తుచేయడానికి సారాంశం సరిపోతుంది. ఆ కథలోకి మళ్ళీ అడుగుపెట్టాలంటే అసలు పుటలే కావాలి.

నేలపట్టు చెప్పే ఎగురుడు పాఠం

డ్రాగన్ ఎగరడం సాధ్యమేనా? జవాబు కోసం దొరవారిసత్రం మండలంలోని నేలపట్టుకు వెళ్ళండి. 1976లో ఏర్పడిన ఈ పక్షుల కేంద్రంలో అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు చెరువు నీళ్ళలో నిలిచిన చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. గూడబాతు రెక్కలు చాస్తే రెండు మీటర్లు దాటుతుంది, బరువు మాత్రం ఐదు కిలోల అటూ ఇటూ. ఒక జంతువు అన్ని వైపులా రెట్టింపు పెరిగితే రెక్కల వైశాల్యం నాలుగింతలవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. ఆ లెక్క వల్లే ఎగిరే ప్రాణుల సైజుకు హద్దు ఉంది. మనకు తెలిసినవాటిలో అతి పెద్దదైన క్వెట్జల్‌కోట్లస్ రెక్కల వెడల్పే దాదాపు పది మీటర్లు. టెయిర్న్ లాంటి కొండంత ప్రాణికి మంత్రశక్తి కావాల్సిందే. వేడెక్కిన నేల నుంచి పైకి లేచే గాలిని పట్టుకుని, రెక్క కదల్చకుండా సుళ్ళు తిరుగుతూ ఎక్కే గూడబాతును గమనించండి. నవలలో స్వారీ వర్ణనలు ఆ తర్వాత ఇంకా బాగా అర్థమవుతాయి.

నిప్పు పడమటిది, నీరు మనది

ఐరోపా డ్రాగన్ నిప్పు కక్కుతుంది, గుహలో బంగారం కాపలా కాస్తుంది. చైనా డ్రాగన్ వానలకూ నదులకూ అధిపతి. మన నాగులు నీటికీ సంతానానికీ కావలి. అందుకే చెరువు గట్ల మీద, రావి, వేప చెట్ల కింద నాగప్రతిమలు నిలుపుతాం, కార్తికంలో నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం. యారోస్ డ్రాగన్లు నిప్పు కక్కినా, వాటి అసలు పని నవార్ సరిహద్దును కాచే రక్షణ వలయాన్ని నిలబెట్టడం. ఆ మేరకు అవి మన నాగుల చుట్టాలే.

నిజంగా డ్రాగన్ నడిపిన మనవాడు

శ్రీహరికోట నుంచి 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పటినుంచీ ఈ తీరానికి నిప్పు చిమ్ముతూ లేచే వాహనాలు పరిచయం. అమెరికాలోని స్పేస్‌ఎక్స్ తన వ్యోమనౌకకు డ్రాగన్ అనే పేరే పెట్టింది. 2021 నవంబరులో 'ఎండ్యూరెన్స్' అనే డ్రాగన్ నౌకకు కమాండర్‌గా అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిన రాజాచారి తండ్రి శ్రీనివాస్ చారి, హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళినవారు.

వయొలెట్‌కే కావాలి 'జరిగిన కథ'

'ఓనిక్స్ స్టార్మ్' చివర వయొలెట్‌కు పన్నెండు గంటల జ్ఞాపకం పోతుంది. మెలకువ వచ్చేసరికి ఆమెకు పెళ్ళయిపోయి ఉంటుంది. ఆ జ్ఞాపకాన్ని చెరిపింది స్నేహితురాలు ఇమోజెన్, అదీ వయొలెట్ స్వయంగా అడిగితేనే. రాబోయే నాలుగో పుస్తకం ముందున్న పెద్ద ప్రశ్న ఇదే. ఆమె తన మనసు నుంచే ఏం దాచాలనుకుంది? ఎవరు జ్ఞాపకాలు చదవగలరో 'ఫోర్త్ వింగ్'లో ఉంది. ఎవరు వాటిని చెరపగలరో 'ఐరన్ ఫ్లేమ్'లో ఉంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఆమె ఆ పని ఎందుకు చేసిందో ఊహించడానికి కావలసిన ఆధారాలు దొరుకుతాయి. సారాంశాలతో సరిపెట్టుకోకుండా పుస్తకాలే తీయండి. రచయిత్రి జవాబు చెప్పేలోగా మన జవాబు మనం సిద్ధం చేసుకోవడంలో ఉన్న ఆనందం, తరువాయి వచ్చాక ఇక దొరకదు.