మద్యం మానాలనుకునేవారికి మీటింగులు: ఎక్కడ, ఎలా?

మన ఆలయానికి వచ్చే కుటుంబాల్లో తాగుడు సమస్య లేదని అనుకోవడం తేలిక. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారంటే, అక్కడ తాగుడు ఊరందరి కళ్ల ముందే ఉండేది. ఇక్కడ గరాజ్ తలుపు మూస్తే పక్కింటివాళ్లకు కూడా తెలియదు. అందుకే సాయం ఎక్కడ దొరుకుతుందో ముందే తెలిసి ఉండడం మంచిది. ఈరోజు మనకు అవసరం లేకపోయినా, తెలిసినవాళ్లలో ఎవరికో అవసరం కావచ్చు.

ముందుగా ఒక జాగ్రత్త. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. ప్రాణాపాయం కూడా ఉంది. అలాంటివారు డాక్టరుతో మాట్లాడాకే మానాలి. ఫిట్స్ వస్తే 911కి ఫోన్ చేయండి. మీటింగు వైద్యానికి బదులు కాదు, రెండూ కలిసి నడవాలి.

మీటింగు అనగానే ఈ దేశంలో మొదట వినబడే పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్, క్లుప్తంగా ఏఏ. 1935లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ స్మిత్ అనే సర్జను దీన్ని మొదలుపెట్టారు. ఇద్దరూ తాగుడుతో నలిగినవాళ్లే. తాగుడు మానాలనుకునేవాడి బాధ మరో తాగుబోతుకే బాగా తెలుస్తుందన్నది వాళ్ల అనుభవం. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను పరిశీలించి, ఏఏతో పాటు అందులో చేరడానికి ప్రోత్సహించే చికిత్సలు కూడా పూర్తిగా మానినవాళ్లను నిలబెట్టడంలో మిగతా చికిత్సల కంటే మెరుగ్గా పనిచేశాయని తేల్చింది.

దగ్గర్లో మీటింగు వెతకడానికి ఏఏ వాళ్ల ‘మీటింగ్ గైడ్’ అనే ఉచిత యాప్ ఉంది. అందులో ‘ఓపెన్’ అని ఉంటే ఎవరైనా వెళ్లవచ్చు, భార్యో స్నేహితుడో తోడు రావచ్చు. ‘క్లోజ్డ్’ అంటే మానాలనుకునేవారికి మాత్రమే. ఆడవాళ్లకు ప్రత్యేకంగా జరిగేవీ ఉన్నాయి. మన ఇళ్లలో తాగే ఆడవాళ్లు మగవాళ్లకంటే ఎక్కువ దాచుకోవలసి వస్తుంది కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. తెలిసినవాళ్లు కనబడతారని భయమైతే పక్క ఊరి మీటింగుకు వెళ్లండి, లేదా ఆన్‌లైన్‌లో చేరండి. తెలుగులో జరిగేవి దొరకడం కష్టం, ఇంగ్లీషుతోనే సర్దుకోవాలి.

చాలా మీటింగులు చర్చి బేస్‌మెంట్లలో జరుగుతాయి. అది చూసి మనవాళ్లు వెనక్కి తగ్గుతారు. గది అద్దెకు తీసుకున్నది మాత్రమే, చర్చికీ ఏఏకీ సంబంధం లేదు. వాళ్ల పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, కానీ ఆ దేవుడు ఎవరో ఎవరికి వారే అర్థం చేసుకోవాలి. వేంకటేశ్వరస్వామి అనుకున్నా అభ్యంతరం చెప్పేవారుండరు. కొన్నిచోట్ల చివర క్రైస్తవ ప్రార్థన చదువుతారు, మీరు మౌనంగా నిలబడితే చాలు. దేవుడి ఊసే వద్దనుకునేవారికి 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ ఉంది. అక్కడ ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే పద్ధతులు నేర్పుతారు.

మొదటిసారి పది నిమిషాలు ముందు వెళ్లి కాఫీ తీసుకుని కూర్చోండి. సాధారణంగా గంట సేపు జరుగుతుంది. ఇంటిపేరు చెప్పనక్కరలేదు. మీ వంతు వస్తే ‘ఈరోజు వింటాను’ అంటే ఒప్పుకుంటారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ సలహాలివ్వరు. మన విందుల్లో కూర్చున్నవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది! బుట్ట తిరిగితే కొత్తవాళ్లు డబ్బు వేయనక్కరలేదు. బయల్దేరే ముందు ఒకరిద్దరి ఫోన్ నంబర్లు అడిగి తీసుకోండి. తాగాలనిపించినప్పుడు, తాగకముందే చేయవలసిన ఫోన్ అది. ఒక మీటింగు నచ్చకపోతే ఏఏ మొత్తం అంతేనని తేల్చేయకండి, మరో రెండు మూడు చూడండి.

హెచ్-1బీ మీద ఉన్నవారికి మరో భయం. ఏఏ సభ్యుల జాబితా రాయదు, వచ్చినవాళ్ల పేర్లు ఆఫీసుకో ప్రభుత్వానికో పంపదు. వీసాకు నిజంగా చేటు తెచ్చేది తాగి కారు నడిపి అరెస్టవడం.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. భర్త ఆఫీసుకు వెళ్లలేకపోతే ‘జ్వరం’ అని భార్య ఫోన్ చేస్తుంది. ‘కాస్త సర్దుకో అమ్మా’ అని అత్తగారు ఇండియా నుంచి చెబుతారు. తాగేవాడు ఒప్పుకునేదాకా ఆగనక్కరలేదు. 1951లో బిల్ విల్సన్ భార్య లోయిస్ మరొకరితో కలిసి మొదలుపెట్టిన అల్-అనాన్ ఇంట్లోవాళ్ల కోసమే. ఆయనకు చెప్పకుండానే వెళ్లవచ్చు. భర్తను వదిలేయమనీ ఉండమనీ అక్కడ చెప్పరు. టీనేజి పిల్లలకు అలాటీన్ ఉంది. కొట్టడం దాకా వస్తే మాత్రం మీటింగు కోసం చూడకండి, గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233కి ఫోన్ చేయండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే కేంద్ర ప్రభుత్వ సంస్థ సామ్సా హెల్ప్‌లైన్ 1-800-662-4357 ఏడాది పొడవునా, రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది. మీ ప్రాంతంలో చికిత్స, మీటింగులు ఎక్కడున్నాయో చెబుతారు. ఇంగ్లీషులో మాట్లాడలేని పెద్దవారైతే పిల్లల చేత కాకుండా, నమ్మకమైన పెద్దవాళ్లెవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడించండి.