254 పౌండ్ల లెక్క

ముప్పాతిక అంగుళం లావున్న ఉక్కు గొట్టం. గోడ మందం ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ. అందులో అడుగు ముక్క కోసి తూస్తే 120 గ్రాములు, అంటే ఓ మోస్తరు జామకాయ బరువు. ఇలాంటి ముక్కల్ని ఒకదానికొకటి వెల్డింగ్ చేసుకుంటూ పోతే ఒక మనిషి కూర్చుని ఎగిరే విమానం దేహం తయారవుతుంది. విమానం అంటే అల్యూమినియమే అనుకునే మనకు, అంతకు దాదాపు మూడు రెట్లు బరువైన ఉక్కుతో అల్ట్రాలైట్ అనే అతి తేలిక విమానం కట్టడమేమిటి అనిపిస్తుంది.

కిటుకు రెండు చోట్ల ఉంది. మొదటిది వెదురుకు ఎప్పుడో తెలుసు. ఉన్న పదార్థాన్నంతా అంచుకు నెట్టి మధ్యలో బోలుగా వదిలేస్తే, అదే బరువున్న కడ్డీకన్నా గొట్టం వంగకుండా నిలుస్తుంది. రెండోది త్రిభుజం. పాత నులక మంచాన్ని ఒక మూల పట్టి లాగితే చట్రం కాస్తా పక్కకు ఒరిగిపోతుంది. మూలనుంచి మూలకు ఒక కర్ర బిగించి మళ్లీ లాగండి, కదలదు. విమానం దేహంలో ముందునుంచి తోకదాకా నాలుగు పొడవు గొట్టాలు, వాటి మధ్య ఏటవాలు గొట్టాలు. ఎటు చూసినా త్రిభుజాలే.

తొలినాళ్ల విమానాలు కర్ర, తీగ, గుడ్డ. 1903లో ఫ్రాన్స్‌లో ఫూషే, పికార్ అనే ఇద్దరు ఆక్సీ-ఎసిటిలీన్ టార్చి తయారుచేశారు. దాని మంట 3,000 డిగ్రీలు దాటుతుంది, ఉక్కు కరగడానికి 1,500 చాలు. ఆ టార్చి పట్టడంలో చేయి తిరిగిన రైన్‌హోల్డ్ ప్లాట్జ్ 1912లో జర్మనీలో ఫోకర్ కంపెనీలో వెల్డర్‌గా చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫోకర్ విమానాల దేహాలు వెల్డింగ్ గొట్టాలే, మధ్యమధ్య బిగింపు తీగలు. వాటిలో డి-7 ఎంత గట్టిదంటే, 1918 యుద్ధ విరమణ షరతుల్లో దాన్ని పేరుపెట్టి మరీ అప్పగించమన్నారు. ఆ విమానాల రూపకర్తగా ప్లాట్జ్‌కు ఎంత వాటా ఇవ్వాలన్న దాని మీద చరిత్రకారులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. అతుకుల సంగతిలో మాత్రం పేచీ లేదు.

ఈ విద్య కార్ఖానా గోడ దాటి పెరట్లోకి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. షికాగోలో ఎడ్ హీత్ 1926లో పారాసోల్ అనే బుల్లి విమానం చేశాడు. దానికి హెండర్సన్ మోటార్‌సైకిల్ ఇంజిను పెట్టి, సామాను కిట్‌గా కట్టి అమ్మాడు. 1931లో మరో కొత్త విమానాన్ని పరీక్షిస్తూ కూలి చనిపోయాడు. దివాలా తీసిన అతని కంపెనీని 1935లో కొన్న వ్యక్తి, 1947 నుంచి ఆసిలోస్కోప్ విడిభాగాలు కిట్లుగా అమ్మాడు. ఎలక్ట్రానిక్స్ అభిమానులు మురిసిపోయే హీత్‌కిట్ అదే. ఆ పేరు వెనకాల ఒక విమానం ఉందని వాళ్లలో ఎందరికి తెలుసో!

1955లో పాల్ పోబెరెజ్నీ, గొట్టాల దేహమున్న బేబీ ఏస్‌ను 800 డాలర్ల లోపు ఇంట్లోనే ఎలా కట్టుకోవచ్చో ఒక పత్రికలో వివరించాడు. అంతకు రెండేళ్ల ముందు అతను మిల్వాకీలో పెట్టిన, సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం ఆ దెబ్బకు దేశమంతా పాకింది.

అసలు బిగింపు 1982లో వచ్చింది. అమెరికా విమానయాన శాఖ పార్ట్ 103 అనే నిబంధన తెచ్చింది. ఒక్కడే కూర్చోవాలి. ఖాళీ బరువు 254 పౌండ్ల (115 కిలోల) లోపే ఉండాలి. ఇంధనం 5 గ్యాలన్లు, వేగం 55 నాట్లు దాటకూడదు. ఆ గీత లోపలుంటే లైసెన్సూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. ఒక్క పౌండు దాటినా కాగితాల బాధ మొదలు. టెక్సాస్‌కు చెందిన లెనార్డ్ మిల్‌హోలండ్ ఈ లెక్కకే గీసిన విమానం లీగల్ ఈగిల్. చట్టం ఒప్పుకునే గద్ద అన్నమాట! వెల్డింగ్ గొట్టాల దేహం, గుడ్డ కప్పిన రెక్కలు. ఇంజిను కోసం ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను సగానికి కోసి రెండు సిలిండర్లే ఉంచుతారు. సగం ఇంజినుతో ఎగరడమేమిటని నవ్వొచ్చినా, ఈ బరువుకు అది చాలు.

ఇలాంటి విమానం పని మొదలయ్యేది బల్ల మీద. నున్నటి చెక్క బల్ల మీద పక్క చట్రం బొమ్మ గీసి, గీత వెంట చెక్క ముక్కలు కొట్టి, వాటి మధ్య గొట్టాలు కూర్చోబెడతారు. ప్రతి గొట్టం కొసనూ చేపనోరులా ఆకురాయితో అరగదీయాలి, పక్క గొట్టం ఆ నోట్లో ఇమిడిపోవాలి. సందు కనిపించిందా, వెల్డింగ్‌లో గొట్టం గోడ కాలి చిల్లు పడుతుంది. ఓపిక లేనివాడు ఇక్కడే దొరికిపోతాడు.

ఇవి మామూలు ఇనప గొట్టాలు కావు. ఒక శాతం దాకా క్రోమియం, కొద్దిగా మాలిబ్డినం కలిసిన 4130 రకం ఉక్కు. మంట సమంగా ఉందో లేదో కంటితోనే తేల్చాలి. ఎసిటిలీన్ ఎక్కువైతే లోపలి కోను చుట్టూ ఈకలాంటి తెల్లటి తోక కనిపిస్తుంది, ఆక్సిజన్ ఎక్కువైతే మంట బుసకొడుతుంది. ఈక అప్పుడే మాయమైన క్షణమే కావలసింది. అప్పుడు అతుకు దగ్గర ఉక్కు పాదరసం బొట్టులా మెరుస్తుంది. ఆ బొట్టును మెల్లగా నడిపించుకు వెళ్లాలి. అయ్యాక ఫ్యాను వేయకూడదు, తలుపులు మూసి దానంతటదే చల్లారనివ్వాలి. గబుక్కున చల్లబడితే ఈ ఉక్కు పెళుసై బీటలిస్తుంది.

ఇంకో చిక్కుంది. చల్లారే అతుకు కుంచించుకుపోతూ చుట్టూ ఉన్నదాన్ని లాగుతుంది. ఒక పక్కంతా పూర్తిచేసి రెండో పక్కకు వెళ్తే దేహం అరటికాయలా వంకర తిరుగుతుంది. అందుకే ముందు అంతటా చుక్కల్లా టాకాలు వేసి, తర్వాత ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి అంటూ తిరుగుతారు. చివర్లో గొట్టాల లోపల వేడి అవిసె నూనె పోసి, చట్రాన్ని అటూ ఇటూ దొర్లించి, మిగిలింది వంపేసి, పోసిన కన్నం మూసేస్తారు. కంటికి కనిపించని తుప్పుకు అదే మందు.

ఇక తూకం. రెండు చక్రాల కింద రెండు కాటాలు, తోక కింద ఒకటి. మూడూ కూడితే వచ్చేదే తీర్పు. అప్పటికి అతుకులేమీ విప్పలేరు. ఇక తగ్గించుకోడానికి మిగిలేవి సీటు మెత్త, రంగు, బరువైన చక్రాలు. గుడ్డ మీద మెరుగు కోసం వేసే ఇంకో పూత రంగు కూడా కాటా మీద తేలుతుంది. అందుకే ఈ విమానాల మీద రంగు అంత పల్చగా ఉంటుంది. ఎండలో నిలబెడితే గుడ్డ వెనక గొట్టాల నీడలు, ఒక్కో త్రిభుజం లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తాయి.